జల్లెడలో నిలిచిన పుటలు

పిండి జల్లించునపుడు జల్లెడలో నిలిచినదానిని ఒకమారు చేత తడవి చూడక పారవేయు ఇల్లాలుండదు. అమెరికా దేశపు పాఠశాలలయందును గ్రంథాలయములయందును ఇంటర్నెట్టునకు పట్టిన జల్లెడను గూర్చి ఈ మాసము ముచ్చటింప దలచితిమి.

అచ్చట 2000 సంవత్సరమున ఒక చట్టము పుట్టినది. ఇంటర్నెట్టు వ్యయమునకు కేంద్రప్రభుత్వ సాయము గైకొను సంస్థలు అశ్లీలచిత్రములు పిల్లల కంటబడకుండ అడ్డు పెట్టవలెనని దాని శాసనము. 2003లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టినది. ఇంతవరకు మేమును తప్పు పట్టము. చట్టము చెప్పినది చిత్రములను గూర్చియే. జల్లెడ నేసినవారు మాత్రము వేఱు. మిస్సోరీ రాష్ట్రమున కామ్డెంటన్ అను చోటి పాఠశాలలు వాడిన జాబితాలో, స్వలింగానురాగులకును ట్రాన్స్‌జెండరు వ్యక్తులకును ధైర్యము చెప్పు పుటలు బూతుబొమ్మలతో కలిపి ఒకే గంపలో వేయబడినవి. వారిని నిందించు పుటలకో, 'మతము' అను చీటి నంటించి లోనికి విడిచిరి!

అడ్డగింపబడినవారెవ్వరో వినుడు. జీన్ మాన్ఫర్డ్ అను బడిపంతులమ్మ 1972లో స్వలింగానురాగియైన తన కుమారుని ప్రక్కన న్యూయార్కు వీథులలో బాహాటముగా నడచినది. మఱుసటి యేట అట్టి బిడ్డల తల్లిదండ్రులను కూర్చి నెలకొల్పిన సంఘమే పీఫ్లాగ్. 1998లో కొట్టి చంపబడిన మాథ్యూ షెపర్డు అను స్వలింగానురాగి విద్యార్థి పేరిట అతని తల్లిదండ్రులు స్థాపించిన సంస్థ మఱియొకటి. కడుపుకోత నెఱిగిన తల్లి పలుకు బూతుపుటయా? 1910లో నాగరత్నమ్మగారు అచ్చొత్తించిన ముద్దుపళని కావ్యమును దొరతనమువారు నిషేధించిన దేశము మనది. స్త్రీల పలుకుపై అశ్లీలమను ముద్ర ఎంత సులువుగా పడునో మన మెఱుగనిదా?

2011లో ఈ సంఘములు కోర్టు కెక్కినవి. కోరినవారికి ఆ పుటను తెఱచెదమని పాఠశాలవారి సమాధానము. ఎవ్వరు కోరుదురు? లెక్క అర్థము గాలేదని చెప్పుటకే చేయెత్తని పిల్లలు తరగతికి సగము మందియని మా యింటివారు, బడిపంతులు గాన, తఱచు చెప్పుచుందురు. కన్నతల్లికే చెప్పుకొనలేక కుములు పదునేనేండ్ల పిల్ల ఈ మాట బడివారి నడుగునా? అట్టి అవమానభయమే పిల్లలను వెనుకకు లాగగలదని న్యాయాధిపతి నానెట్ లాఫ్రీగారు 2012 ఫిబ్రవరిలో గుర్తించి, ఒక పక్షమువారి మాటను మాత్రమే మూయు ఆ జల్లెడను మానుమని ఉత్తరువు చేసిరి. మార్చిలో రాజీ కుదిరినది. పాఠశాలవారు అడ్డు తొలగించి, పదునెనిమిది మాసములు పర్యవేక్షణకు లోబడి, వ్యాజ్యవ్యయము క్రింద 1,25,000 డాలర్లు చెల్లింప నొప్పుకొనిరి.