చేతికందే వేళ చేయి ఆపుకోవడం

అమెరికా ఉత్తరపుటంచున గల మిన్నెసోటా రాష్ట్రంలో శీతకాలమంతా గడ్డకట్టి ఉన్న సరస్సులు చాలావరకు ఏప్రిల్‌లో కరుగుతాయి. అప్పుడు ‘వాలై’ అనే చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుననున్న లోతు తక్కువ నీటిలోకి, గులకరాళ్ళ మీదికి వస్తాయి. ఎంత చేరువకు వచ్చినా వాటిని పట్టరాదు. ఫిబ్రవరి చివరి నుండి మే నడుమ వరకు ఆ వేట అక్కడ నిషిద్ధం. పెద్ద ఆడచేప లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. కాని వాటికి కాపలా ఉండదు. చేపలుగా ఎదిగేవి బహు కొద్ది. అందుకే గాలం వేసేవారు అందాక పెర్చ్, క్రాపీ వంటి చేపలతో తృప్తి పడతారు.

నీటి వేట మనకు హలాల్. అయితే హలాలైనదాన్ని సైతం ఎప్పుడు, ఎంత తీసుకోవాలో యోచించమని మేము మా విద్యార్థులకు చెబుతుంటాము. మన వాగుల్లోనూ తొలకరికి చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి. ఆ కొద్ది రోజులు వల ఆరవేసి ఉంచుదాం. వచ్చే ఏడు మన పిల్లల పళ్ళెంలోనూ చేప ఉండాలి కదా!