ఆటయు, తీరికయు



గడచిన మాసమున మా యింట నొక చిన్న తగవు పుట్టినది. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా యమ్మాయి కబాడి జట్టులో చేరి, సాయంకాలము ఆఱుగంటల వఱకు పాఠశాల మైదానముననే యుండుచున్నది. మా యత్తగారి కిది సరిపడలేదు. "పెండ్లి కావలసిన పిల్లకు మోకాళ్లనిండ గాయము లేమిటే?" యని మమ్ము నిలదీసిరి. మాకు వెంటనే బదులు తోచలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ ప్రశ్న మా మనస్సులోను నుండినదే.

మా వారు గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకములలో, ఆటలను గూర్చి సంఘశాస్త్రజ్ఞులు చెప్పిన సంగతులు కొన్ని యంతట చదివితిమి. అమెరికా దేశీయుడగు వెబ్లెన్ పండితుడు 1899లో తీరికగల వర్గమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. పనిచేయ నక్కఱలేకుండుటయే గౌరవచిహ్నమైన సంఘములో వేట, పందెములు మున్నగునవి పైవర్గమువారి సొత్తగునని యాతని వాదము. ఇల్లాలి తీరికయు నామెది కాదట. భర్త గౌరవమును లోకమునకు చాటుటకే యది యేర్పడినదట! ఫ్రాన్సు దేశపు బూర్డ్యూ 1979లో వెలువరించిన గ్రంథమున, ఎవ్వ రే యాట నాడుదురన్నది కేవలము వారి యిష్టము కాదనియు, ధనము, తీరిక, చిన్ననాటినుండి దేహమున కలవడిన నడవడి దానిని తీర్చుననియు చెప్పెను.

ఇది చదువుచుండగా దండి దశకుమారచరితమందలి కందుకావతి జ్ఞప్తికి వచ్చినది. ఆ రాజపుత్రి మాసమున కొకమాఱు, కృత్తికానక్షత్రమునాడు, జనులెల్లరు చూచుచుండ బంతి యాడును. బాల్యమున మా తండ్రిగారు చెప్పించినపుడు ఆమె నేర్పునకే ముచ్చటపడితిమి. ఇప్పుడు పుస్తకము తీసి చూడగా వేఱొకటి కానవచ్చినది. ఆ యాట దేవి విధించిన వ్రతము. దాని ఫలము గుణవంతుడగు భర్త. గడువు ఏడవయేడు మొదలు వివాహము వఱకు! పెండ్లియైన పిమ్మట బంతి యేమైనదని మే మెన్నడు నడుగనే లేదు.

మన దేశమున మాత్రమే యిట్లని తలపవలదు. 1928లో ఆమ్‌స్టర్‌డాము నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మొదటిసారిగ పరుగుపందెములు పెట్టిరి. ఎనిమిదివందల మీటర్ల పరుగును జర్మనీ వనిత లీనా రాడ్కే ప్రపంచమునం దంతవఱకు ఏ స్త్రీయు పరుగిడనంత వేగముగ ముగించెను. పందెము ముగియగా కొందఱు వనితలు అలసి నేలవ్రాలిరి. పత్రికలవారు దానినే గోరంత కొండంత చేసి, స్త్రీదేహ మంత శ్రమకు తగదని వ్రాసిరి. ఆ పందెము తీసివేయబడి మరల 1960లో రోమునగరమున గాని పెట్టబడలేదు. పురుషులును పరుగు ముగిసినపిమ్మట నేలవ్రాలుదురు. దానిని పట్టుదల యందురు. ముప్పదిరెండేండ్లు స్త్రీల నాపినది కాళ్ల బలహీనత కాదు, చూచువారి కన్ను.

మన శ్రీకాకుళపు సీమ యాడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కంచుపతకము గొన్నది. ఒలింపిక్ పతకము పొందిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. ఇక నడ్డమేమి యందురా? పతకము తెచ్చిన పిల్లను ఊరెల్ల కొనియాడును. పతకము తేని పిల్ల ఊరక యాడుకొనుటకు మన యింట వేళ యున్నదా?

మా మట్టుకు మేము లెక్కించి సిగ్గుపడితిమి. మా యబ్బాయి దీపాలవేళ దాటువఱకు వీథిలో క్రికెట్టాడుచుండును. ఒక్కనాడును మేము పిలిచి యెఱుగము. పాలు కాచుటకు, ఆరిన బట్టలు మడచుటకు, పప్పు ఏరుటకు అమ్మాయినే కేకవేసితిమి. ఈ తీర్పరితనము అత్తగారిది కాదు, మాదే.

ఈ వారము మొదలు సాయంకాలము బియ్యము కడుగుట అబ్బాయి వంతు చేసితిమి. మొదటిదినమున వాడు గొణిగెను. రెండవదినమున నీళ్లతో గూడ సగము బియ్యము పారబోసెను. అత్తగారు మాతో నింకను ముభావముగనే యున్నారు. అయినను నిన్నటి రాత్రి అమ్మాయి మోకాళ్లకు పసుపు తెచ్చి యద్దినది వారే.