బండి ఆగింది, ఫ్యాన్ ఆగలేదు

మొన్న ఎండాకాలం నంద్యాల నుంచి నల్లమల ఘాట్ దాటి గిద్దలూరు చేరాం. మామయ్య కారు ఆపి తాళం జేబులో వేసుకున్నా బానెట్ కింద ఫ్యాన్ మోత ఆగలేదు. "ఏందిరా అల్లుడూ, షార్ట్ సర్క్యూటా? బ్యాటరీ వైరు పీకేద్దామా?" అన్నాడు. నేను మెకానికల్ మూడో సంవత్సరం. నోరు పెగల్లేదు. పరీక్షలో రాసిన కూలింగ్ సిస్టమ్ ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

సంగతి చిన్నదే. ఇంజిన్ ఆగితే చాలా కార్లలో వాటర్ పంపూ ఆగుతుంది. లోపలి వేడి మాత్రం కదలని కూలెంట్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది, పొయ్యి కట్టేశాక కూడా కుక్కర్ ఇంకో విజిల్ వేసినట్టు. సెన్సర్ అది పసిగట్టి, బ్యాటరీ కరెంటుతో ఫ్యాన్ తిప్పిస్తుంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో ఫిల్టర్‌లోని మసి కాలుతుండగా ఆపినా ఇదే మోత. సాధారణంగా కొద్ది నిమిషాల్లో అదే ఆగుతుంది. బండి చల్లారాక కూడా తిరుగుతుంటే రిలేనో సెన్సరో చూపించుకోవాలి.

ఇది తెలియకపోతే ప్రమాదం. ఆగిన ఫ్యాన్ ఉన్నట్టుండి తిరిగితే వేళ్లు పోతాయి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి.

అందుకే నా అభిప్రాయం: ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పలేని ఇంజినీరింగ్ సగం చదువే. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం మనం. మిగతా సగమూ దిద్దుకుందాం.