మోటారు సైకిలు స్పోకుల చక్రములు: ఎన్నిక, శుభ్రత

నేటి దినములలో రైతు యింట ఎడ్లజత లేకున్నను మోటారు సైకిలు లేకుండుట అరుదు. పాలక్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, విత్తనపు బస్తాలు, సొసైటీ గోదామునుండి తెచ్చు ఎరువులు, సర్వమును దానిమీదనే సాగుచున్నవి. ఈ బరువంతయు మోయునవి రెండు చక్రములు. అయినను బండి కొనబోవునప్పుడు మనవారు మైలేజీని, రంగును విచారింతురుగాని చక్రమును గూర్చి విచారించువారు తక్కువ. విచారించిన కొలదిమందియు “అల్లాయి చక్రమైనచో తుడువ నక్కఱలేదు, చూపునకు బాగుండును” అను మాటతో సరిపెట్టుకొనుచున్నారు. పొలముబాటల వెంట బరువులతో తిరుగు రైతునకు స్పోకుల చక్రమే తగినదనియు, దానిని కడుగు పద్ధతిమాత్రము మనలో చాలవఱకు మాఱవలసి యున్నదనియు నా అభిప్రాయము.

ముందుగా ఆ చక్రము పనిచేయు తీరును తెలిసికొందము. ఎద్దుబండి చక్రమున కుండకు క్రిందనున్న కొయ్య ఆకులు గుంజలవలె నిలిచి బరువును మోయును. స్పోకు సన్నని తీగ. దానిని గుంజవలె నిలిపి నొక్కినచో వంగిపోవును. అది లాగుడుచేత పనిచేయును. చుట్టునున్న స్పోకులన్నియు నడుమనున్న హబ్బును బిగువుగా లాగి పట్టియుండుటచేతనే చక్రము నిలుచుచున్నది. నులకమంచమును తలచుకొనుడు. నులక యొకచోట వదలెనేని ప్రక్క పేటలమీద బరువుపడి అవియు సాగిపోవును. స్పోకుల సంగతియు నట్టిదే. మన సామాన్యపు బండ్లలో చక్రమునకు తఱచుగా 36 స్పోకులుండును. అవి హబ్బునుండి తిన్నగా పోక ఓరగా ఒకదానినొకటి దాటిపోవుట మీరు చూచియే యుందురు. ఇంగ్లాండులోని కోవెంట్రీ పట్టణమున సైకిళ్లు నిర్మించుచుండిన జేమ్సు స్టార్లీ ఈ ఓర అమరికకు 1874లో పేటెంటు పొందెను. చక్రము త్రిప్పునప్పుడును, బ్రేకు వేయునప్పుడును హబ్బు మెలిపడకుండ ఈ అమరికయే కాపాడుచున్నది.

ఇక ఎన్నిక విషయము. బరువుతో పోవుచున్న బండి గోతిలో పడినప్పుడు స్పోకుల చక్రము కొంత యిమిడి దెబ్బను ఓర్చుకొనును. రిమ్ము వంగినను ఊరి మెకానిక్కు బెండు తీయగలడు. స్పోకు విఱిగినచో కొద్ది రూకలతో మఱియొకటి వేయగలడు. అల్లాయి చక్రము పోతపోసిన లోహము. పెద్ద దెబ్బకు వంగవచ్చును, పగులవచ్చును. పగిలినదానిని వెల్డింగు చేయించి నడుపుట ప్రాణముతో చెలగాటము; చక్రమునే మార్చవలయును.

అయితే అల్లాయి చక్రమునకు ఒక గొప్ప మేలు కలదు, దానిని దాచుట న్యాయము కాదు. స్పోకుల రిమ్మునకు రంధ్రములుండుటచేత గాలి నిలుపుటకు లోపల ట్యూబు కావలయును. మేకు దిగినచో ట్యూబులోని గాలి త్వరగా పోవును. చక్రమును ఊడదీసినగాని పని జరుగదు. అల్లాయి చక్రమునకు ట్యూబు లేని టైరు వేయవచ్చును. దానిలో మేకు దిగినను గాలి మెల్లగా తగ్గును, చక్రమును ఊడదీయకయే అతుకు వేయుదురు. కావున తెల్లవారుజామున తారురోడ్డుమీద దూరము పోయి పాలు పోయువానికి అల్లాయి చక్రమే కొనుమని చెప్పుదును. ట్యూబు లేకుండనే పనిచేయు స్పోకుల చక్రములును కొన్ని ఖరీదైన బండ్లకు వచ్చుచున్నవిగాని అవి మన సంచికి అందునవి కావు. బండితో వచ్చిన మంచి చక్రములను ఊడదీసి, అంగడిలో దొరకు పేరులేని అల్లాయి చక్రములను వేడుకకై బిగించుకొను కుఱ్ఱవాండ్రను గూర్చి యేమి చెప్పుదును? ఆ సొమ్మునకు స్ప్రేయరైనను వచ్చియుండును.

పాతబండి కొనువారు దానిని నడిమి స్టాండుమీద నిలిపి చక్రమును త్రిప్పుడు. రిమ్ము చేరువను ఒక అగ్గిపుల్లను కదలకుండ పట్టుకొని చూచినచో, రిమ్ము ప్రక్కలకు ఊగుచున్నదో లేదో తెలియును. 2 మిల్లీమీటర్లకు మించి ఊగినచో బేరములో ఆ మాట యెత్తుడు. పిమ్మట చిన్న స్పానరుతో స్పోకులను ఒక్కొక్కటిగా తట్టుడు. బిగువైనది ఖణిల్లున మ్రోగును. వదులైనది మొద్దుగా పలుకును. పాత స్పోకుల నడుమ నాలుగైదు క్రొత్తవి మెఱయుచున్నచో, ఎందుచేత విఱిగెనో అడుగుడు.

బరువును గూర్చి ఒక మాట. యూరియా సంచి 2018 నుండి 45 కిలోలది. రెండు సంచులు 90 కిలోలు. నడపువాడు 60 కిలోలనుకొన్నను మొత్తము 150. మీ బండితో ఇచ్చిన పుస్తకములో ఎంత బరువు వ్రాసియున్నదో చూచుడు.

స్పోకులకు గోతులకంటె పెద్ద శత్రువు తుప్పు. ఆ తుప్పును మన చేతులతోనే తెచ్చుకొనుచున్నాము. పొటాషు ఎరువు పొటాషియం క్లోరైడు, కూరలో వేయు ఉప్పు సోడియం క్లోరైడు. ఉక్కును తినుటలో రెండును అన్నదమ్ములే. అమ్మోనియం సల్ఫేటును అట్టిదే. చిరిగిన సంచినుండి రాలిన పలుకులు హబ్బుమీద పడి, మంచుకు కరగి, స్పోకుతల వంగిన చోటను, రిమ్మువద్దనుండు నిపిల్ సందులలోను చేరును. స్పోకులు తఱచుగా విఱుగునది ఈ రెండు చోట్లనే. మైలుతుత్తపు నీటిని ఇనుపపాత్రలో కలుపరాదని బోర్డో మిశ్రమము చేయువారందఱును ఎఱుగుదురు. ఆ నీరే స్ప్రేయరునుండి కారి చక్రముమీద పడుచున్నను పట్టించుకొనరు. దివిసీమ, కోనసీమవంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి దీనికి తోడగును. రేగడి బురద అంటుకొని రోజులకొలది తడిని పట్టి యుంచును.

కడుగుటలో మనవారి అలవాట్లు నాలుగు మానదగినవి. బండిని కాలువలోనికి దింపి చక్రములు మునుగునట్లు నిలిపి రుద్దుట మొదటిది. దీనివలన బేరింగులలోనికిని బ్రేకు డ్రమ్ములోనికిని నీరును ఒండ్రును చేరును, కాలువనీరును పాడగును. పట్టణములో యంత్రముతో కొట్టు నీటిధార హబ్బుమీద తిన్నగా పడనిచ్చుట రెండవది. అది గ్రీజును తోసివేయును. మరుగుదొడ్డి కడుగు యాసిడుతో తుప్పు తీయుట అన్నిటికంటె చెడ్డది. ఆ దినమున రిమ్ము తళతళలాడును, కొలదికాలములోనే క్రోమియపు పూత లేచి మునుపటికంటె ఎక్కువ తుప్పు పట్టును. కిరోసినుతోగాని డీజిలుతోగాని చక్రమంతయు తుడుచుట నాలుగవది. అవి టైరు రబ్బరును చెఱచును.

చేయవలసిన పని స్వల్పము. రెండు బకెట్ల నీరు, కొంచెము సబ్బునీరు, పాత పళ్లబ్రష్షు, పొడిగుడ్డ చాలును. బండి చల్లాఱిన పిమ్మట ముందు వట్టినీటితో బురదను నాననిచ్చి జాఱవిడువుడు. ఎండిన ఇసుకమీద రుద్దినచో గీతలు పడును. తరువాత సబ్బునీటితో హబ్బునొద్దనుండి రిమ్మువఱకు ఒక్కొక్క స్పోకును తుడిచి, నిపిల్ చుట్టును బ్రష్షుతో తీయుడు. మంచినీరు పోసి గుడ్డతో బాగుగా తుడువుడు. రిమ్ముమీద చిన్న తుప్పుచుక్కలున్నచో అల్యూమినియం రేకుకాగితమును నలిపి తడిపి మెల్లగా రుద్దినచో పోవును. నిపిల్ మొదట గుడ్డతో నూనె అంటించుడు. టైరుకుగాని బ్రేకునకుగాని నూనె తగులరాదు. వారమునకు ఒకమాఱు చాలును, ఎరువు తెచ్చిన దినమునమాత్రము ఆ సాయంకాలమే చేయవలయును. సంచుల క్రింద ఒక ప్లాస్టిక్ పట్టాను పఱచుకొన్నచో సగము శ్రమ తగ్గును. గోదాముల యొద్ద ఒక నీళ్లతొట్టియు బ్రష్షును ఉంచుట సొసైటీలకు పెద్ద ఖర్చు కాదు, పంచాయతుదారులు ఆలోచింతురుగాక.

తుడుచునప్పుడే ప్రతి స్పోకును చేతితో తాకుదురు గనుక వదులైనది బయటపడును. దానిని మీరే గట్టిగా బిగింపకుడు. ఒకటి మితిమీరి బిగిసినచో రిమ్ము ఒక ప్రక్కకు లాగబడును. కొన్నిమాఱులు స్పోకు కొన రిమ్ములోపలికి పొడుచుకొని వచ్చి ట్యూబును చిల్లుచేయును. చేయితిరిగిన మెకానిక్కునకు చూపుడు. విఱిగిన స్పోకుతో బరువు మోయకుడు. తిరుగుచున్నప్పుడు అది వ్రేలాడి గొలుసునకు తగులుకొనకుండ, మెకానిక్కు చేతికి వచ్చువఱకు దానిని ప్రక్క స్పోకునకు తీగతో కట్టి, బండిని ఖాళీగా, మెల్లగా నడుపుకొని పోవుడు. కడిగిన వెంటనే రోడ్డెక్కువారు మొదటి కొన్ని గజములు నెమ్మదిగా పోవుచు రెండు మూడుమాఱులు బ్రేకు తేలికగా వేసి, తడియాఱి అది పట్టుచున్నదని చూచుకొనవలయును.