జకాత్ లెక్క మొహల్లాకు చెప్పాలి

ప్రతి రంజాన్‌లోనూ మన సంఘాలు జకాత్ సొమ్ముతో కుట్టుమిషన్లు పంచుతున్నాయి. ఫొటోలు తీస్తారు, దాతల పేర్లు చదువుతారు. ఏడాది తిరిగాక ఆ మిషను ఇంట్లోనే ఉందా, అప్పు కింద పోయిందా అని అడిగేవారు లేరు. పంచిన సంఖ్యనే ఫలితంగా నివేదికలో రాసుకుంటున్నాం. అది దాతకిచ్చే రసీదే తప్ప మూల్యాంకనం కాదు.

అనంతపురంలో వేరుశనగ ఎండిన ఏడాది ఊళ్లో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడదు. కొత్త బట్టలు కుట్టించుకునే వారుండరు. మన దానం ఎక్కడ ఓడిపోయిందో ఆ ఇంటి ఇల్లాలు రెండు మాటల్లో చెప్పగలదు. ఆమెను అడిగామా?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. మస్టర్లు ఊరి ముందు చదివి, కూలీలనే సాక్ష్యం అడిగే పద్ధతి అది. ప్రభుత్వాన్ని అలా నిలదీసే మనం, మన బైతుల్‌మాల్ లెక్కను మొహల్లా ముందు ఎందుకు విప్పము? పేదల పరువు పోతుందన్న సాకు చెల్లదు. పేర్లు అక్కరలేదు, ఎన్ని మిషన్లు నడుస్తున్నాయో, ఎన్ని ఆగాయో, ఎందుకు ఆగాయో చెబితే చాలు. వచ్చే రంజాన్‌కు కొత్తవి కొనేముందు పాతవి తీసుకున్న ఇళ్లకు వెళ్లాలి. వెళ్లవలసింది మహిళలు, సంఘం పెద్దలు కాదు.