ప్రమాదమేమీ లేదు.. మరి కారెందుకు ఆగింది?

సంక్రాంతికి ఊరెళ్తున్నారు. హైదరాబాద్‌లో తెల్లవారుజామునే బయల్దేరినా చౌటుప్పల్ చేరేసరికి పొద్దెక్కింది. రెండు నిమిషాలు కదలడం, అయిదు నిమిషాలు ఆగడం. ముందెక్కడో లారీ బోల్తా పడి ఉంటుందనుకుంటారు. వెనక సీట్లో నాన్నగారు నడుం పట్టేసిందంటారు, పిల్లలు బాత్రూమ్ అంటారు. అరగంట తర్వాత ఉన్నట్టుండి దారి ఖాళీ. లారీ లేదు, ప్రమాదం లేదు, కనీసం గుంత కూడా లేదు. ఇంతకీ ఎందుకు ఆగినట్టు?

ఈ చిక్కుముడిని జపాన్ పరిశోధకులు ఒక మైదానంలో విప్పి చూపారు. 2008లో వెలువడిన ఆ ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి దారి మీద 22 కార్లను నడిపించారు. అందరూ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా వెళ్లాలి, అంతే. సిగ్నల్ లేదు, టోల్‌గేటు లేదు, అడ్డొచ్చే గేదె లేదు. మొదట్లో సాఫీగానే తిరిగారు. కాసేపటికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. అవి కదిలేసరికి వాటి వెనకవి ఆగాయి. అలా ఆ ‘ఆగడం’ గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకుతూ పోయింది.

కారణం మన ఒంట్లోనే ఉంది. ముందు కారు బ్రేక్ లైటు కంట్లో పడి, కాలు పెడల్ మీదికి వెళ్లడానికి ఒక సెకను అటూఇటుగా పడుతుంది. ఆ ఆలస్యాన్ని సరిచేసుకోవడానికి ముందువారికన్నా కాస్త గట్టిగా నొక్కుతాం. మన వెనకవారు ఇంకాస్త గట్టిగా. ఇరవయ్యో కారుకొచ్చేసరికి చక్రాలు ఆగిపోతాయి. మొదట బ్రేకు తాకించినాయన అప్పటికి కిలోమీటరు దూరంలో పాటలు వింటూ ఉంటాడు!

దారి మీద గంటకు ఎన్ని బండ్లు వెళ్తాయన్నది వాటి వేగం, ఒత్తిడి రెండింటి మీదా ఆధారపడి ఉంటుంది. బండ్లు పెరిగే కొద్దీ కొంతవరకు ప్రవాహమూ పెరుగుతుంది. హద్దు దాటాక తగ్గడం మొదలెడుతుంది. మంచి హైవేలో ఒక వరుస గంటకు దాదాపు 2000 కార్లను మోస్తుంది. ఆ అంచున ఉన్నప్పుడు ఒక్క బ్రేకు చాలు, జామ్ పుట్టడానికి.

ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయినా పంతంగి దగ్గర పండక్కి బారులు ఎందుకంటే, ఇదీ లెక్కే. ఒక్కో కారు దాటడానికి ఆరు సెకన్లనుకుందాం. ఒక బూత్ నుంచి గంటకు 600 కార్లే వెళ్తాయి. రెండు వరుసల్లో 4000 వస్తే కనీసం ఏడు బూత్‌లు కావాలి. ఒక ట్యాగ్ చదవక నిమిషం ఆగితే వెనక పది కార్లు పేరుకుంటాయి. పోనీ గేట్లెత్తేసినా, ఆ కార్లన్నీ మళ్లీ రెండు వరుసల్లోకే దూరాలి కదా. ప్రతి జనవరిలో టోల్ రద్దు మీద, ఈ దారిని ఆరు వరుసలు చేయడం మీద చర్చ నడుస్తుంది. రెండూ మంచివే. కానీ అందరం ఒకే రోజు ఉదయం బయల్దేరినంత కాలం ఇరుకు ఒక చోటు నుంచి మరో చోటికి మారుతుందంతే.

జామ్‌ను చిరాకు వ్యవహారంగానే చూస్తాం గానీ గుండెకు ఇది చిన్న విషయం కాదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో గుండెపోటు వచ్చిన వారి మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. ట్రాఫిక్‌లో గడిపిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు దాదాపు మూడింతలు కనిపించింది. బస్సుల్లో, ట్రాముల్లో వెళ్లినవారిలోనూ అంతే. పొగా, రొదా, ఒత్తిడా.. ఏది ఎంతన్నది విడదీయడం కష్టం. ఆరోగ్యవంతుల్లో ఆ ఒక్క గంట ముప్పు మామూలుగా చాలా తక్కువ కాబట్టి మూడింతలైనా బెంబేలెత్తక్కర్లేదు. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారుంటే మాత్రం మందులు డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతికందేలా ఉంచండి. ఛాతీ బిగబట్టినట్టుండి చెమటలు పడితే ‘గ్యాసే’ అని సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 కూడా ఉంది.

ముందు లారీ పొగ లోపలికి రాకుండా ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి. అయితే అయిదుగురున్న కారులో అదే గాలి గంటలకొద్దీ తిరిగితే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్ముతుంది. మధ్యమధ్యలో బయటి గాలిని రానివ్వాలి. బాత్రూమ్ దొరకదని పెద్దవాళ్లు నీళ్లు మానేస్తుంటారు. అది ఇంకా చేటు. మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారు ప్రయాణం రోజు వేళల గురించి డాక్టర్‌ను ముందే అడగాలి. ఆగినప్పుడల్లా పాదాలను పైకీ కిందికీ ఆడిస్తే పిక్కల్లో రక్తం నిలవదు.

ఇక డ్రైవరు చేతిలో ఉన్నది, ముందు కారుతో రెండు సెకన్ల ఎడం. 80 కిలోమీటర్ల వేగంలో అది 44 మీటర్లు. ‘అంత ఖాళీ వదిలితే పక్కవాడు దూరిపోతాడు’ అంటారా? దూరతాడు. పదిమంది దూరినా మీకు పోయేది అరనిమిషం లోపే. అమెరికాలోని ఆరిజోనాలో జపాన్ తరహా ప్రయోగమే చేసి, ఇరవై చిల్లర కార్లలో ఒక్కదాన్ని స్వయంచాలకంగా నిదానంగా నడిపిస్తే ఆగి కదలడం దాదాపు పోయింది. కార్లన్నింటి ఇంధన వాడకం 40 శాతం దాకా తగ్గింది. బైకులు, ఆటోలు, ఎదురొచ్చే ట్రాక్టర్లు ఉన్న మన దారుల్లో అంత ఫలితం రాదు. అయినా మీ వెనక వచ్చేవారికి కొన్ని బ్రేకులు తగ్గుతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు జామ్ తోక. అది మీకు ఎదురొస్తుంటుంది. మీరు 80లో వెళ్తుంటే, మీకూ దానికీ మధ్య దూరం గంటకు 100 కిలోమీటర్ల లెక్కన తరిగిపోతుంది. దూరంగా ఎర్ర లైట్లు కనిపించగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి, నాలుగు ఇండికేటర్లూ వేయండి, అద్దంలో వెనక బస్సు ఆగుతోందో లేదో చూడండి. వెనక సీట్లో నిద్రపోతున్న అమ్మకు కూడా బెల్టు పెట్టే ఉండాలి.