ఖాలా ఇంట్లో టీకా పంచాయితీ

పోయిన జుమా నమాజ్ అయ్యాక మొయినాబాద్‌లో మా ఖాలా ఇంటికి వెళ్లాను. దావత్ ఏమీ కాదు, ఖట్టీ దాల్, చావల్ తిని పొమ్మని పిలిచింది. వెళ్లేసరికి దస్తర్‌ఖాన్ కంటే ముందు పంచాయితీ పరిచి ఉంది. మనవడికి తొమ్మిది నెలలు నిండాయి. ఎంఆర్ సూది వేయించాలని ఆశా కార్యకర్త రెండుసార్లు వచ్చి చెప్పి పోయింది. కోడలు వేయిద్దామంటోంది, ఖాలా వద్దంటోంది. పిల్లాడి బాప్ జెద్దాలో ఉంటాడు. వీడియో కాల్‌లో "అమ్మీ ఎలా అంటే అలా" అని తప్పించుకున్నాడట. ఖాలూజాన్ ఏమో చేవెళ్లలో ఉండే తమ్ముణ్ణి అడగాలన్నాడు. అసలు ఫసాద్ మొదలైందే ఆ తమ్ముడి ఫోన్ నుంచి. అందులో ఒక వాయిస్ మెసేజ్. ఎవరో మౌలానాలా మాట్లాడుతున్నాడు, పేరు లేదు, ఊరు లేదు. ఈ సూది వేయిస్తే పిల్లలు పెద్దయ్యాక వాళ్లకు ఔలాద్ కలగదట.

"నువ్వు అఖ్‌బార్‌లో పనిచేస్తావు కదా బేటా, నువ్వే చెప్పు" అంది ఖాలా.

ఈ అఫ్వాహ్ నాకు కొత్త కాదు. 2017 ఆగస్టులో తెలంగాణలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ ఎంఆర్ టీకా ముహిమ్ మొదలైనప్పుడూ ఇలాంటివే తిరిగాయి. అప్పుడు నేనన్న మాటే ఇప్పుడూ అన్నాను. ఎంఆర్ మందు ఒక్కొక్కరికి ఒక్కో సీసాలో రాదు. ఒక వయల్‌లో ఐదు డోసులో, పది డోసులో ఉంటాయి. పొడిలో నీళ్ల మందు కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. వరుసలో ముందు తండా నుంచి వచ్చిన బిడ్డ, వెనక రెడ్డిగారి మనవడు, ఆ వెనక మన మున్నా. ముగ్గురికీ అదే సీసా. మన నసల్ మీదే పనిచేసే సాజిష్ ఆ సీసాలో ఎలా కలుపుతారు?

ఖాలా నవ్వలేదు. నవ్వకపోవడంలో తప్పు కూడా లేదు.

మనవాళ్ల షక్‌ను జహాలత్ అని కొట్టిపారేసే దోస్తులతో నాకు పేచీ ఉంది. షక్‌కు తారీఖ్ ఉంది. ఎమర్జెన్సీలో నస్బందీ పేరుతో ఏం జరిగిందో మన బుజుర్గులు చూశారు. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒసామాను వెతకడానికి సీఐఏ ఒక డాక్టరుతో హెపటైటిస్ టీకా నాటకం ఆడించింది. ఆ పాపం తరవాత పోలియో చుక్కలు వేసే వాళ్ల మీద పడింది. అంత దూరం ఎందుకు, 2009లో మన ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దాన్ని గట్టిగా తప్పుబట్టింది.

ఇక నాంపల్లి. 2019 మార్చిలో అక్కడి అర్బన్ హెల్త్ సెంటర్‌లో పసిపిల్లలకు టీకా వేసి, బుఖార్ వస్తే వేయమని గోలీలు ఇచ్చారు. ఇవ్వాల్సింది పారాసిటమాల్. చేతిలో పెట్టింది ట్రమడాల్, పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందు. పదుల సంఖ్యలో పిల్లలను నిలోఫర్ దవాఖానాకు తరలించారు. ఇద్దరు పోయారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బస్తీల్లో ఈ రోజుకీ దాన్ని "టీకా వికటించిన కేసు" అనే చెప్పుకుంటారు. వికటించింది టీకా కాదు. స్ట్రిప్ మీద పేరు చదవకుండా గోలీ చేతిలో పెట్టిన లాపర్వాహీ. ఈ రెండింటి మధ్య ఫరఖ్ చెప్పకపోతే, ఒక తప్పుకు శిక్ష ఇంకో బిడ్డకు పడుతుంది.

ఖాలూజాన్ అసలు సవాల్ అప్పుడు బయటపెట్టాడు. "దాంట్లో సువ్వర్ కలుస్తుందట, నిజమేనా?"

దీనికి అబద్ధం చెప్పకూడదు. టీకా పాడవకుండా నిలవ ఉండేందుకు కొన్నింటిలో జెలటిన్ కలుపుతారు. 2018 ఆగస్టులో ఇండోనేషియా ఉలమా కౌన్సిల్ సరిగ్గా ఈ మస్‌అలా మీదే ఫత్వా ఇచ్చింది. వాళ్లు పరిశీలించింది మన పూనా సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన ఎంఆర్ టీకానే. తయారీలో పంది నుంచి తీసిన పదార్థం వాడారు కాబట్టి అసలుకు హరామ్ అన్నారు. అయితే హలాల్ బదులు దొరికేదాకా, పిల్లల జాన్‌కు ఖత్రా ఉంది కాబట్టి, జరూరత్ కింద వాడవచ్చు అన్నారు. వాట్సాప్‌లో ఫత్వా మొదటి సగమే తిరుగుతుంది. రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. హలాల్ టీకా కావాలని అడగడం మన హఖ్. హైదరాబాద్ చుట్టూ ఇన్ని టీకా కంపెనీలు ఉండగా ఆ మాట మన జమాత్‌లు ఎందుకు గట్టిగా అడగవో నాకు అర్థం కాదు. అది వచ్చేదాకా బిడ్డను ఖాలీగా ఉంచమని మాత్రం ఏ ఫిఖహ్ చెప్పదు.

తఖ్దీర్ మాట ఖాలా తెచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి.) షామ్‌కు వెళ్తూ, అక్కడ తాఊన్ వ్యాపించిందని తెలిసి దారిలో సర్గ్ దగ్గరి నుంచే వెనక్కి తిరిగిన సంగతి ఆమెకు తెలిసిందే. తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి.) అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి అల్లాహ్ రాసిన ఇంకో తఖ్దీర్ వైపే పోతున్నామని జవాబిచ్చారు. చిన్నప్పుడు ఇది నాకు చెప్పిందే ఖాలా. గుర్తు చేస్తే కాసేపు ఊరుకుంది.

నేను ఇంకోటి కూడా అడిగాను. "మీరిద్దరూ హజ్‌కు వెళ్లేముందు సూది వేయించుకోలేదా?" వేయించుకున్నారు. మెనింజైటిస్ టీకా లేనిదే సౌదీ రానివ్వదు. మన దేశం నుంచి వెళ్లే హాజీలకు పోలియో చుక్కలు కూడా వేస్తారు, తెల్లగడ్డాల వాళ్లకు సైతం. ఆ రోజు నసల్, సాజిష్ ఎవరికీ గుర్తుకు రాలేదు. జెద్దాలో ఉన్న కొడుకు "అమ్మీ ఇష్టం" అంటున్నాడు గానీ, అక్కడ పిల్లాణ్ణి బడిలో వేయాలంటే టీకాల కార్డు చూపించాల్సిందే.

బీమారీలు పోయాయి కదా అనుకోవద్దు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో హావ్‌డాలో వచ్చింది. అయినా 2016లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టుకొచ్చిన పోలియో వైరస్ దొరికితే, జూన్‌లో హైదరాబాద్‌తో పాటు మన రంగారెడ్డి జిల్లాలోనూ దాదాపు 3 లక్షల మంది పిల్లలకు మళ్లీ సూదులు వేయాల్సి వచ్చింది. టీకా వేసుకోని పిల్లలు ఎక్కువైన చోటే అలాంటి వైరస్ బలపడుతుంది. ఖస్రా అయితే మరీ జాలిమ్. ఒక్క పేషంట్ టీకా లేని వాళ్లలో పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటించగలడు. 2022 చివర్లో ముంబై గోవండీలో అది పసిపిల్లలను తీసుకుపోయింది. గోవండీ ఎవరి మొహల్లానో వేరే చెప్పాలా?

సర్కారు వైపు తప్పు కూడా చెప్పాలి. నా కూతురు చిన్నగా ఉన్నప్పుడు ఒక సెంటర్‌లో (పేరు వద్దులెండి) నా బీవీ "ఇది ఏం టీకా?" అని అడిగింది. "మీ వాళ్లతో ఎప్పుడూ ఇదే గొడవ" అని జవాబొచ్చింది. సూది వేసి పంపారు. ఏం వేశారో చెప్పలేదు. ఎంఆర్‌కు వచ్చే బుఖార్ ఆ రాత్రి రాదు, వారం పది రోజులకు వస్తుంది. ఈ ముక్క ముందే చెబితే ఎన్ని ఇళ్లలో ఇత్మినాన్ ఉంటుంది! బుధ, శనివారాల్లో సూది వేసే సిస్టర్‌కు వేగం కావాలి, తల్లికి జవాబు కావాలి. జవాబు అడిగిన తల్లిని జాహిల్ అన్నవాళ్లే వాట్సాప్ మౌలానాలకు గిరాకీ పెంచుతున్నారు.

చివరికి ఖాలా అంది, "సరే, రేపు శనివారం నేనూ వస్తా. ఆ సిస్టర్‌ను నేనే అడుగుతా."

అడిగింది కూడా. సీసా మీద చిన్న గోళంలో ఒక చౌకం గుర్తు ఉంటుందని, లోపలి చౌకం చుట్టూ ఉన్న రంగు కంటే తేలికగా ఉంటేనే మందు వేడికి పాడవలేదని లెక్క అని ఆ సిస్టర్ ఓపిగ్గా చూపించిందట. ఖాలా బుర్ఖా జేబులోంచి ఐనక్ తీసి మరీ చూసింది. ఎంఆర్‌తో పాటు న్యుమోనియా టీకా బూస్టర్ కూడా ఇచ్చారు.

రాత్రి పదకొండుకు కోడలి ఫోన్. "భాయిజాన్, మున్నా ఒళ్లు వెచ్చగా ఉంది. చుక్కల మందు ఇచ్చారు. వేయనా?"

"సీసా మీద ఏం రాసుందో చదువమ్మా."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. పారాసిటమాల్. ఎన్ని చుక్కలో పర్చీ మీద రాసి ఉంది, అదీ చదివించాను. వెనక నుంచి ఖాలా గొంతు వినిపించింది, "ఇంకోసారి చదువు, సరిగ్గా చదువు" అని.